పర్ర ఖాళీ భూమి కాదు

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా తిరువూరులో జరిగిన యువత సమావేశంలో చేసిన ప్రసంగం. చదవడానికి వీలుగా అక్కడక్కడా సరిచేశాం.)



ముందు వరసలో కూర్చున్న పెద్దలకు, కాలేజీల నుంచి వచ్చిన తమ్ముళ్లకు, చెల్లెళ్లకు, తండాల నుంచి, ఎరుకల కాలనీల నుంచి, యానాది గూడేల నుంచి వచ్చినవాళ్లకు, సరిహద్దు దాటి ఖమ్మం వైపు నుంచి వచ్చిన కోయ అన్నలకు, అక్కలకు వందనాలు.

నన్ను మాట్లాడమని ఫోన్ చేసిన అన్న, “ఏం మాట్లాడతావు చెల్లీ? పోడు గురించా, హాస్టళ్ల గురించా?” అని అడిగాడు. సముద్రం గురించి మాట్లాడతానన్నాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత, “తిరువూరులో సముద్రమేంటి తల్లీ?” అన్నాడు.

ఆయన అడిగిందాంట్లో తప్పేం లేదు. తిరువూరంటే మామిడి తోటలు, ఎండలు, అటు అడుగేస్తే తెలంగాణ. ఇక్కడ పుట్టిన పిల్లల్లో సముద్రం చూసినవాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. చూశారా, వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. చూసినవాళ్లు కూడా మంగినపూడి బీచ్‌కి వెళ్లి ఫొటో దిగి వచ్చినవాళ్లే అయ్యుంటారు.

కానీ మీరంతా చూసినది ఒకటుంది. గంపలగూడెం వైపు పోయేవాళ్లకు కట్టలేరు తెలుసు. వానాకాలం పొంగితే రాకపోకలు బందు. ఆ నీళ్లు ఎర్రగా, చిక్కగా పోతాయి. ఆ ఎరుపు మన చేల మట్టి, మన గుట్టల మట్టి. కట్టలేరు నీళ్లు వైరా, మున్నేరులతో కలిసి కృష్ణలో పడతాయి. కృష్ణ బెజవాడ బ్యారేజీ దాటి, పులిగడ్డ దగ్గర రెండు పాయలై, దివిసీమను చుట్టుకుని సముద్రంలో కలుస్తుంది. మన మట్టి అక్కడిదాకా పోతుంది. పోయి ఏం చేస్తుంది? అక్కడ నేలను కడుతుంది. దివిసీమ అనే భూమి మొత్తం నది తెచ్చిన మట్టే. అంటే మనం ఎన్నడూ చూడని ఆ తీరంలో మన ఊరి మట్టి కూడా ఉంది.

ఇక నా సంగతి. మా నాన్న ఇక్కడ మామిడి తోటకు కాపలా ఉంటాడు. మేం యానాదులం. మా అమ్మ పుట్టిల్లు దివిసీమ. చిన్నప్పుడు వేసవి సెలవులకు అమ్మమ్మ దగ్గరికి పోయేదాన్ని. అమ్మమ్మ తెల్లారకముందే లేచేది. నడుముకు బుట్ట కట్టుకుని, చేతిలో చిన్న ఇనప కొక్కెం పట్టుకుని మడ అడివిలోకి పోయేది. పాటుకు నీళ్లు తగ్గుతుంటే బురదలో బొక్కలు బయటపడతాయి. ఏ బొక్కలో పీత ఉందో, ఏ బొక్కలో పాముందో చూసి చెప్పేది. చెయ్యి భుజందాకా లోపలికి పోనిచ్చి పీతను తీసేది. పోటు నీళ్లు తిరిగి రాకముందే గట్టెక్కాలి. వాచీ లేదు, ఫోన్ లేదు. చంద్రుణ్ణి చూసి, కాలి కింద బురద తాకిడిని బట్టి ఎప్పుడు తిరగాలో తెలుసుకునేది.

మడ అడివి వెనకాల ఇంకో నేల ఉంటుంది. పెద్ద చెట్లు ఉండవు. తెల్లగా ఉప్పు పేరిన మట్టి, అక్కడక్కడా నేలకు అంటుకుని పాకే మందపాటి ఆకుల మొక్కలు. ఆ ఆకు నోట్లో వేసుకుంటే ఉప్పగా ఉంటుంది. అమావాస్యకూ పున్నానికీ వచ్చే పెద్ద పోటుకే అక్కడిదాకా నీళ్లు వస్తాయి. మిగతా రోజుల్లో ఎండి, పగుళ్లు తేలి ఉంటుంది. దాన్ని పర్ర అంటారు. రికార్డుల్లో అది బంజరు. చూసేవాళ్లకు ఖాళీ భూమి. నేనివాళ చెప్పదలుచుకున్నది ఒక్కటే: పర్ర ఖాళీ భూమి కాదు. ఎందుకు కాదో చెప్తాను.

1977 నవంబర్ 19. పెద్దవాళ్లకు ఈ తేదీ చెప్పక్కర్లేదు. దివిసీమ ఉప్పెన. సముద్రం లేచి ఊళ్ల మీద పడింది. పదివేల మందికి పైగా పోయారు. నాగాయలంక, కోడూరు వైపు తీరంలో ఊళ్లకు ఊళ్లే తుడిచిపెట్టుకుపోయాయి. అప్పటికి మా అమ్మమ్మకు ఇరవై ఏళ్లు. గుడిసె పోయింది. అత్తను, ఆడబిడ్డను నీళ్లు పట్టుకుపోయాయి. అమ్మమ్మ ఒక మడ చెట్టును కావలించుకుని రాత్రంతా ఉండిపోయింది. తెల్లారి చూసుకుంటే ఒంటి మీద గుడ్డ లేదు, చేతుల చర్మం ఊడిపోయింది. “చెట్టు నన్ను వదల్లేదే, నేనే చెట్టును వదిలాను, తెల్లారాక” అనేది.

ఇది ఒక్క ముసలమ్మ మాట అని కొట్టిపారేసేవాళ్లుంటారు. సరే, లెక్కలున్నవాళ్ల మాటే చెప్తాను. 1999లో ఒడిశాలో మహా తుపాను వచ్చింది. ఆ తర్వాత కేంద్రపడ జిల్లా ఊళ్లను తీసుకుని సౌదామినీ దాస్, జెఫ్రీ విన్సెంట్ అనే ఇద్దరు పరిశోధకులు లెక్కలు కట్టారు. ఊరికీ సముద్రానికీ మధ్య మడ అడివి ఎంత వెడల్పుగా ఉంటే చావులు అంత తక్కువగా ఉన్నాయని 2009లో ప్రచురించారు. మడ అడివి ఉప్పెనను పూర్తిగా ఆపుతుందని ఎవరూ అనరు. కానీ దాని విసురు తగ్గిస్తుంది. ఆ తగ్గిన విసురే కొన్ని ప్రాణాలు.

ఇప్పుడు అసలు సమస్యకు వద్దాం.

ఉప్పెన ఒక రాత్రి వచ్చి పోతుంది. ఇప్పుడొస్తున్న సముద్రం అట్లా కాదు. మెల్లగా వస్తోంది, తిరిగి పోవడం లేదు. ప్రపంచ దేశాల శాస్త్రవేత్తలు కలిసి పనిచేసే ఐపీసీసీ నివేదిక ప్రకారం 1901 నుంచి 2018 లోపు సముద్రమట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగింది. 2006 నుంచి 2018 మధ్య ఏడాదికి 3.7 మిల్లీమీటర్ల చొప్పున పెరిగింది. అంటే రెండేళ్లకు ఒక బియ్యపు గింజంత. నవ్వొస్తుంది కదా, గింజంతేనా అని. కానీ వేగం పెరుగుతోంది. పొగ, బొగ్గు ఇట్లాగే ఎక్కువగా మండిస్తూ పోతే 2100 నాటికి 63 సెంటీమీటర్ల నుంచి మీటరు దాకా పెరగొచ్చని అదే నివేదిక అంటోంది. గట్టిగా తగ్గించుకున్నా 28 నుంచి 55 సెంటీమీటర్లు తప్పదు. దివిసీమ మన గుట్టల్లా ఎత్తుపల్లాల నేల కాదు, పళ్లెంలా ఉంటుంది. పళ్లెంలో ఒక గరిటె నీళ్లు ఎక్కువ పోస్తే అంచులదాకా పాకుతాయి. అక్కడ ఎత్తులో జానెడు పెరిగితే, లోపలికి ఎంత దూరం వస్తుందో ఊహించుకోండి. ముందు వచ్చేది నీరు కూడా కాదు, ఉప్పు. బావి ఉప్పవుతుంది, బోరు ఉప్పవుతుంది. మంచినీళ్లు లేకపోతే బతుకు ఏమవుతుందో ఎ.కొండూరు తండాల నుంచి వచ్చినవాళ్లకు నేను చెప్పాలా? కిడ్నీలు పోగొట్టుకుంటూ, ఒక్క మంచినీటి పైపు కోసం ఎన్నేళ్లు తిరిగారో మీకే తెలుసు.

మరి మడ అడివి ఊరికే మునిగిపోతుందా? పోదు. అక్కడే దాని తెలివి చూడాలి. పోటు నీళ్లతో, వరద నీళ్లతో వచ్చిన మట్టిని మడ వేళ్లు పట్టుకుంటాయి. రాలిన ఆకు, చచ్చిన వేరు ఆ మట్టిలోనే కలుస్తాయి. ఏడాదికేడాది తన కింద నేలను తానే కాస్త కాస్త ఎత్తు చేసుకుంటుంది. సముద్రం గింజంత లేస్తే అదీ గింజంత లేస్తుంది. అట్లా లేవలేకపోతే ఇంకో దారి పడుతుంది. గింజలు నీళ్లమీద కొట్టుకుపోయి వెనకాల ఎత్తునేలలో మొలుస్తాయి. ముందు వరస పోయినా వెనక కొత్త వరస వస్తుంది. అడివి మెల్లగా వెనక్కి నడుస్తుంది. వేల ఏళ్లుగా మడ అడివి బతికింది ఈ రెండు పనులతోనే. లేవడం, జరగడం.

ఇప్పుడు మనం ఈ రెండు దారులూ మూసేశాం.

మొదటిది, మట్టి. కృష్ణ మీద నాగార్జునసాగర్, శ్రీశైలం, ఇంకా పైన ఎన్నో డ్యాములు. మట్టి వాటి వెనకే ఆగిపోతోంది. ప్రపంచంలో కుంగిపోతున్న డెల్టాల మీద 2009లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, కృష్ణ సముద్రానికి మోసుకుపోయే మట్టి గత శతాబ్దంతో పోలిస్తే తొంభై శాతానికి పైగా తగ్గిపోయింది. ఆంధ్రా యూనివర్సిటీ ప్రొఫెసర్ కె. నాగేశ్వరరావు గారి బృందం కూడా ఇదే చెప్పింది: డ్యాముల్లో మట్టి ఆగిపోవడం వల్ల కృష్ణా గోదావరి డెల్టాల ఒడ్డు కోసుకుపోతోందని. అందుకే కట్టలేరు గురించి చెప్పాను. మున్నేరు కృష్ణలో కలిసేది ఆ పెద్ద డ్యాములకు దిగువన. మన వాగుల మట్టీ ఇసుకా ఆ తీరానికి మిగిలిన కొద్దిపాటి తిండిలో భాగం. ఇక్కడ వాగులో ఇసుక లారీలకెత్తి తోడేస్తుంటే మన బోర్లు ఎండడం ఒక్కటే కాదు, అక్కడ నేల కూడా ఆకలితో ఉంటుంది.

రెండోది, చోటు. మడ వెనక్కి జరగాలంటే వెనకాల పర్ర ఉండాలి. ఉందా? పోయి చూడండి. చాలాచోట్ల మడ అయిపోగానే చెరువు గట్టు మొదలవుతుంది. రొయ్యల చెరువులు, పీతల చెరువులు, చేపల చెరువులు. గట్టు ఎత్తుగా, నిలువుగా ఉంటుంది. మడ గింజ కొట్టుకొచ్చి ఆ గట్టుకు తగిలి ఆగిపోతుంది. ముందు నుంచి సముద్రం నెడుతుంది, వెనక గట్టు ఆపుతుంది. మధ్యలో అడివి నలిగిపోతుంది. ఎవడూ గొడ్డలి పట్టుకోకుండానే అడివి చచ్చిపోతుంది. కేసు పెడదామన్నా దోషి దొరకడు.

ఇందుకే అంటున్నాను, పర్ర ఖాళీ భూమి కాదని. ఇవాళ్టి పర్ర రేపటి మడ అడివి. మన పిల్లలకు రావాల్సిన అడివి అది. దాన్ని బంజరు అని రాసి లీజుకిచ్చినప్పుడల్లా ఇంకా పుట్టని అడివిని నరికేస్తున్నారు.

మీలో కొంతమందికి ఒక ప్రశ్న వచ్చి ఉంటుంది. “ఇది మత్స్యకారుల సమస్య కదా, పర్యావరణం వాళ్ల సమస్య కదా, ఆదివాసీ వేదిక మీద ఎందుకు?” ఇదే ప్రశ్న నన్ను ఒక ఆఫీసులో అడిగారు. మా అమ్మమ్మ గూడెంవాళ్ల అటవీ హక్కుల దరఖాస్తు పట్టుకుని పోయాను. డిగ్రీ అయిన కొత్తలో, చట్టం చదువుకున్నానన్న ధైర్యంతో. అక్కడ కూర్చున్నాయన కాగితం ఇటు తిప్పి అటు తిప్పి, “అమ్మాయ్, ఆదివాసులంటే కొండల్లో ఉంటారు. మీరు బీచ్ వాళ్లు. అయినా మడ అడివి కూడా ఒక అడివేనా? బురద” అన్నాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు. నేను బయటికొచ్చి బస్టాండు దాకా ఏడుస్తూ నడిచాను. అబద్ధం చెప్పను, ఏడ్చాను.

తర్వాత చట్టం తీసి మళ్లీ చదివాను. 2006 అటవీ హక్కుల చట్టంలో ‘కొండ’ అన్న షరతు ఎక్కడా లేదు. అడివిలో ఉంటూ, అడివి మీద ఆధారపడి బతికే షెడ్యూల్డ్ తెగలవాళ్లు అని ఉంది. యానాదులు షెడ్యూల్డ్ తెగే. అటవీ భూమి అంటే అభయారణ్యాలు కూడా అని ఉంది. కృష్ణా అభయారణ్యం ఉన్నదే మడ అడివిలో. దాదాపు 194 చదరపు కిలోమీటర్లు, బావురు పిల్లి తిరిగే అడివి. సెక్షన్ 3లో సామూహిక హక్కుల జాబితా ఉంది. అందులో చేపలు, నీటి వనరుల్లో దొరికే మిగతా ఉత్పత్తులు అని పేరుపెట్టి రాశారు. పీతలు నీటి ఉత్పత్తి కాకపోతే ఇంకేమిటి? అదే సెక్షన్‌లో సామూహిక అటవీ వనరును కాపాడుకునే, పునరుద్ధరించుకునే, నిర్వహించుకునే హక్కు ఉంది. హక్కుల గుర్తింపు పూర్తయ్యేదాకా ఖాళీ చేయించకూడదని సెక్షన్ 4లో ఉంది. సాక్ష్యంగా ఊరి పెద్దల వాంగ్మూలం కూడా చెల్లుతుందని నియమాల్లో ఉంది. అంటే చదువురాని మా అమ్మమ్మ నోటి మాట రాసుకుంటే అది సాక్ష్యం. మా దరఖాస్తు ఇంకా తేలలేదు. తేలేదాకా తిరుగుతాం.

ఇంకో మాట. తీరంలో ఐదో షెడ్యూల్ లేదు, పీసా లేదు, 1/70 లేదు. ఇక్కడ తిరువూరులోనూ లేవు. మైదాన ప్రాంత ఆదివాసుల బాధ ఇది. మన తెగ పేరు జాబితాలో ఉంటుంది, మన నేలకు మాత్రం కాపలా ఉండదు. అందుకే మనకున్న ఒకటి రెండు చట్టాలను గట్టిగా పట్టుకోవాలి. అటవీ హక్కుల చట్టం ఒకటి. రెండోది సీఆర్‌జెడ్, అంటే తీర నియంత్రణ మండలి నోటిఫికేషన్. 1991లో మొదలైంది, 2011లో, 2019లో మార్చారు. మడ అడవులు, ఉప్పునీటి చిత్తడి నేలలు, బురద మేటలు అన్నీ సీఆర్‌జెడ్–1ఎలో ఉంటాయి. అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్న తరగతి అది. 1996లో జగన్నాథన్ కేసులో సుప్రీంకోర్టు సీఆర్‌జెడ్ పరిధిలో కొత్త పద్ధతి రొయ్యల చెరువులు ఉండకూడదంది. తర్వాత 2005లో కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది, 2023లో దాన్ని సవరించి ఆక్వాకు దారి ఇంకా సులువు చేశారు. కోర్టు మూసిన తలుపును పార్లమెంటు కొంచెం కొంచెం తెరిచింది. అందుకే పటంలో మన పర్ర ఏ రంగులో ఉందన్నది చిన్న విషయం కాదు. ‘ఉప్పునీటి చిత్తడి’ అని గుర్తిస్తే రక్షణ. ‘బంజరు’ అని గుర్తిస్తే పొక్లెయిన్.

ఇక్కడ ఒక నిజం కూడా ఒప్పుకోవాలి. ఆ చెరువుల మీద పనిచేసేది ఎవరు? మనవాళ్లే. రాత్రుళ్లు చెరువు గట్టున కాపలా ఉండేది, రొయ్యలు పట్టేది, మేత చల్లేది యానాది కుటుంబాలే. మా మేనమామ రొయ్యల చెరువు కాపలా జీతంతో కూతురి పెళ్లి చేశాడు. రొయ్యల ఉత్పత్తిలో మన రాష్ట్రం దేశంలోనే ముందుంది, ఆ డాలర్లలో ఆయన చెమట ఉంది. కాబట్టి చెరువులన్నీ రేపే పూడ్చేయాలని నేను అనను. అలా అంటే మొదట ఆకలితో పడుకునేది మనవాళ్లే. నేను అడిగేది ఇది: మిగిలిన పర్రలో కొత్త గట్టు పడకూడదు. దెబ్బతిని, వదిలేసిన పాత చెరువుల గట్లు తెంపి పోటు నీళ్లకు దారి ఇవ్వాలి. ఆ పని కూలి మనవాళ్లకే రావాలి, అయ్యాక ఆ నేల మీద హక్కు కూడా మనవాళ్లకే ఉండాలి. చెరువు కాపలా జీతం ఓనరు దయ మీద ఉంటుంది. రోగం వచ్చి రొయ్య చచ్చిపోయిన ఏడాది మా మామకు జీతం రాలేదు. మడ అడివి ఎప్పుడూ జీతం ఎగ్గొట్టలేదు.

గట్టు తెంపితే అడివి తిరిగి వస్తుందా అంటారేమో. వస్తుంది, నీటికి దారి చూపిస్తే. ఇది మన దగ్గరే చేసి చూశారు. 1990ల చివర ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీశాఖ, ఊరివాళ్లు కలిసి కృష్ణా గోదావరి మడ అడవుల్లో పాడైన చోట్లు బాగుచేశారు. చెట్లు నరికేసిన చోట ఎండకు నేల కుంగి పళ్లెంలా గుంటపడుతుంది. పోటుకు వచ్చిన నీళ్లు వెనక్కి పోలేక అక్కడే ఎండి ఉప్పు పేరుకుంటుంది. ఎన్ని మొక్కలు నాటినా చస్తాయి. అందుకని వాళ్లు చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వారు. మధ్యలో పెద్ద కాలువ, దానికి అటూ ఇటూ ఏటవాలుగా చిన్న కాలువలు. పోటు నీళ్లు వచ్చి, తిరిగి పోవడం మొదలైంది. ఉప్పు కడిగేసుకుపోయింది. అప్పుడు నాటిన మడ నిలబడింది. సంగతి ఇదే: మొక్క కంటే ముందు నీటి దారి. ఆ దారి ఎవరికి తెలుసు? రోజూ బురదలో నడిచేవాళ్లకు.

ఇప్పుడు కేంద్రం 2023లో ‘మిష్టి’ అని మడ అడవుల పథకం తెచ్చింది. మంచిదే. కానీ ఫొటో కోసం మొక్కలు నాటి, చుట్టూ కంచె వేసి, ‘లోపలికి రావద్దు’ అని బోర్డు పెడితే మా అమ్మమ్మ బుట్ట ఎక్కడ పెట్టుకోవాలి? చెరువుల ఓనర్లు పర్రను లాక్కోవడం ఒక బాధ. కాపాడతామని వచ్చి మనల్నే బయటికి పంపడం ఇంకో బాధ. పోడు భూముల్లో హరితహారం మొక్కలు నాటిన సంగతి తెలంగాణ అన్నలకు తెలుసు. అదే తీరంలో జరగకూడదు. అడివి కావాలి, మనమూ ఉండాలి. రెండూ కలిసే ఉన్నాయి, కలిసే ఉండాలి.

జరగనిస్తే ఏమవుతుందో చూడ్డానికి దూరం పోనక్కర్లేదు. శ్రీహరికోట మన యానాదుల దీవి. రాకెట్ కేంద్రం వచ్చాక వాళ్ల కాళ్ల కింద నేల ఎవరిదైందో మనకు తెలుసు. ఒడిశాలో సాతభాయ అనే ఊళ్లను సముద్రం ఒక్కొక్కటిగా మింగేస్తే, 2018లో ఆ జనాన్ని బాగపాటియాకు తరలించారు. పనామా దేశంలో గుణా అనే ఆదివాసులు తమ గార్దీ సుగ్దుబ్ దీవి మునుగుతుందని 2024 జూన్‌లో దాదాపు మూడొందల కుటుంబాలు నేల మీది కొత్త కాలనీకి కదిలాయి. వాళ్లకు ఇళ్లు కట్టిచ్చారు. కానీ తలుపు తీస్తే నీళ్లు కనపడే బతుకును ఎవరు కట్టిస్తారు? మనకూ ఆ రోజు వస్తే చేతిలో ఒక హక్కు పత్రమైనా ఉండాలి. పట్టా లేనివాడికి పునరావాసం కూడా ఉండదు. పోలవరం ముంపులో మన కోయ, కొండరెడ్డి అన్నలు ఇది కళ్లారా చూశారు.

ఇప్పుడు మనం ఏం చేయాలి? నాలుగు పనులు చెప్తాను. పెద్దవి కావు.

ఒకటి. తీరంలో యానాది గూడేలున్న ప్రతి ఊళ్లో గ్రామసభ పెట్టించి సామూహిక హక్కుల దరఖాస్తులు వేద్దాం. సామూహిక హక్కులకు ఫారం బి, సామూహిక అటవీ వనరుకు ఫారం సి. ఇక్కడ డిగ్రీ చదివినవాళ్లు యాభై మందైనా ఉన్నారు. సెలవుల్లో వారం రోజులు రండి. ముసలివాళ్ల మాటలు రాసుకోవాలి. వాళ్లు పోతే సాక్ష్యాలు కూడా పోతాయి.

రెండు. పటం గీద్దాం. ఫోన్‌లో జీపీఎస్ ఉంది. ఏ పాయలో పీతలు పడతారు, ఏ దారిన పోతారు, పర్ర ఎక్కడిదాకా ఉంది, కొత్త గట్టు ఎక్కడ పడింది, అన్నీ గుర్తుపెట్టుకుందాం. తీర నిర్వహణ పటాల మీద ప్రజాభిప్రాయం అడిగిన రోజున మన పటం వాళ్ల ముందు పెడదాం. పర్ర అటవీ భూమిలో ఉంటే అటవీ హక్కుల దారి. రెవెన్యూ భూమిలో ఉంటే గ్రామసభ తీర్మానం, సీఆర్‌జెడ్ ఫిర్యాదు. ఏది ఏదో ముందే తెలుసుకుని పోవాలి. తప్పు ఆఫీసుకు పోతే రెండేళ్లు పోతాయి.

మూడు. ప్రతి గూడెంలో ఒక కర్ర పాతుదాం. పెద్ద పోటు ఎక్కడిదాకా వచ్చిందో ప్రతి పున్నానికీ గాటు పెట్టి, తేదీ రాసి, ఫొటో తీద్దాం. పదేళ్ల తర్వాత ‘సముద్రం రావట్లేదు’ అనేవాళ్లకు ఆ కర్ర చూపిద్దాం.

నాలుగు. ఇది తిరువూరువాళ్లకు. కట్టలేరును, మన వాగులను చూసుకోండి. రాత్రిపూట ఇసుక తోడుతుంటే ‘మన ఊరి గొడవ కాదులే’ అనుకోకండి. మీరు ఇక్కడ ఆపిన ఒక్కో లారీ అక్కడ ఒక్కో గూడెం కింద నేల.

మనం ఎన్నేళ్లుగానో జల్, జంగల్, జమీన్ అంటున్నాం. జమీన్ కోసం కొట్లాడాం, జంగల్ కోసం కొట్లాడాం. జల్ అన్నప్పుడు వాగు, చెరువు గుర్తుకొచ్చాయి, సముద్రం గుర్తుకు రాలేదు. మడ అడివిలో ఈ మూడూ విడిగా ఉండవు. పొద్దున అది నీరు, మధ్యాహ్నం నేల, ఎప్పుడూ అడివి. ఆ మూడు మాటలూ ఒక్కచోట కనపడాలంటే దివిసీమ రండి, చూపిస్తాను.

మా అమ్మమ్మకు ఇప్పుడు డెబ్భై దగ్గర పడుతోంది. పీతలకు పోవడం మానేసింది, మోకాళ్లు సహకరించడం లేదు. పోయిన సంక్రాంతికి వెళ్తే నన్ను తీసుకుని గట్టుదాకా నడిచింది. ఎదురుగా కొత్త చెరువు. గట్టు కింద, చెరువు బయట, నాలుగు మడ మొలకలు తలెత్తి ఉన్నాయి. పోటుకు కొట్టుకొచ్చి అక్కడ ఆగిపోయాయి. ఇంక ముందుకు చోటు లేదు. అమ్మమ్మ వాటిని చూసి, “పాపం, ఇవి కూడా మనలాగే వచ్చి నిలబడ్డాయే, ఎవరన్నా కాస్త జరుగుతారేమోనని” అంది.

ఆ మొలకలకు చోటు కావాలి. ఆ చోటు అడగడానికే వచ్చాను.

వచ్చే వారం నుంచి దరఖాస్తుల పని మొదలు పెడుతున్నాం. రాగలిగినవాళ్లు సమావేశం అయ్యాక పేర్లివ్వండి. బస్సు చార్జీలు మీవి, అన్నం మా అమ్మమ్మది.

జోహార్. జై ఆదివాసీ.